షూటింగుకో, ప్రమోషన్‌కో జపాన్ వస్తున్నారా? గంజాయి సంగతి ముందే తెలుసుకుని రండి

తెలుగు యూనిట్లు జపాన్ రావడం ఇప్పుడు మామూలైపోయింది. 2022 అక్టోబర్ 21న 'ఆర్ఆర్ఆర్' ఇక్కడ విడుదలైనప్పుడు రాజమౌళి, ఎన్టీఆర్, రామ్‌చరణ్ ముగ్గురూ స్వయంగా వచ్చారు. 2024 జనవరిలో తకరాజుకా నాటక బృందం అదే కథను స్టేజీ మీద ఆడింది. ఆ తర్వాత పాటలకనీ, ఫ్యాన్ మీట్లకనీ మనవాళ్ళ రాకపోకలు బాగా పెరిగాయి. నాది తణుకు. టోక్యోలో నిషి-కసాయ్‌లో ఉంటాను. మనవాళ్ళు వచ్చినప్పుడు లోకల్ కోఆర్డినేటర్‌గానూ, దుబాసీగానూ పనిచేస్తాను. లొకేషన్ పర్మిషన్లు, వ్యాన్లు, భోజనాలు ఇవన్నీ తర్వాత. ప్రొడక్షన్ మేనేజర్‌తో నా మొదటి ఫోన్‌కాల్ గంజాయి గురించే.

"అమ్మా, మా యూనిట్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరమ్మా" అంటారు వెంటనే. సరే అన్నా, లేరనే అనుకుందాం. కానీ బ్యాంకాక్ మీదుగా వచ్చే అసిస్టెంట్ కెమెరామెన్ బ్యాగులో గంజాయి కలిపిన జెల్లీ డబ్బా ఉండొచ్చు. నిద్ర పట్టడం లేదని ఆయుర్వేద చూర్ణం తెచ్చుకునే పెద్దాయన ఉండొచ్చు. ఇక్కడి చట్టం వాళ్ళిద్దరినీ కూడా వదలదు. పైగా 2024 చివర్లో చట్టమే మారింది. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు పాత చట్టం ప్రకారం రాసినవే. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

చట్టం ఇప్పుడు ఎలా ఉంది

జపాన్‌లో గంజాయి నియంత్రణ చట్టం 1948లో వచ్చింది. అప్పుడు దేశం అమెరికా సైన్యం ఆధీనంలో ఉంది. ఆ చట్టంలో దగ్గర ఉంచుకోవడం నేరం, పండించడం నేరం, బయటినుంచి తేవడం నేరం. తాగడం మాత్రం నేరం కాదు. నార కోసం జనపజాతి మొక్కను పండించే రైతులు కోతల్లో ఆ పొగో, ధూళో పీలిస్తే వాళ్ళు దోషులు కాకూడదన్నది దానికి చెప్పే కారణం. "జపాన్‌లో తాగితే కేసు లేదు, దొరికితేనే కేసు" అని మనవాళ్ళ మధ్య తిరిగే మాట అక్కడినుంచి వచ్చిందే.

ఆ మాట ఇప్పుడు చెల్లదు. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు సవరణ చేసింది, 2024 డిసెంబర్ 12 నుంచి అది అమల్లోకి వచ్చింది. గంజాయిని తీసుకెళ్ళి మాదకద్రవ్యాల చట్టం కింద చేర్చారు. ఇప్పుడు వాడినా నేరమే, ఏడేళ్ళ దాకా జైలు. సొంతానికని దగ్గర ఉంచుకుంటే ఇదివరకు ఐదేళ్ళ దాకా ఉండేది, ఇప్పుడు అదీ ఏడేళ్ళు. దేశంలోకి తెస్తే ఒక ఏడాది నుంచి పదేళ్ళు. డబ్బు కోసం తెస్తే ఇరవై ఏళ్ళ దాకా వెళ్తుంది. అదే సవరణతో గంజాయి నుంచి తీసిన మందులకు, ఉదాహరణకు మూర్ఛకు వాడే మందుకు, వైద్యం కింద దారి తెరిచారు. రోగుల కుటుంబాలు ఏళ్ళ తరబడి అడిగితే వచ్చింది అది. మంచి మార్పే. కానీ సందర్శకుడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మన చట్టంతో పోల్చుకునేవాళ్ళు ఎక్కువగా పొరబడేది రెండు చోట్ల. మన ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మన మాదకద్రవ్యాల చట్టంలో, 'చిన్న మొత్తం' అనేది ఉంది. గంజాయి కిలో దాకా అయితే శిక్ష తక్కువ. ఇక్కడ అలాంటి గీత లేదు. ఒక గ్రాము ఉన్నా అరెస్టే. ఇంకొకటి, మన చట్టంలో గంజాయి అంటే పూతభాగం. ఆకు ఆ నిర్వచనంలోకి రాదు కాబట్టే ఉత్తరాదిలో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. ఇక్కడ ఆకు కూడా గంజాయే. భంగు గోళీ, ఠండాయి పొడి, విజయ పత్రం (ఆయుర్వేదంలో గంజాయి ఆకు పేరు) కలిసిన ఆయుర్వేద మాత్ర... వారణాసిలో వీటికి బిల్లిచ్చి అమ్ముతారు, టోక్యో నరిటా విమానాశ్రయంలో ఇవే చేతికి బేడీలు వేయిస్తాయి.

బ్యాగులు సర్దుకునే ముందు

వీసాలు వేసే దశలోనే ఒక పని చేయాలి. యూనిట్లో ఎవరికైనా, ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా డ్రగ్స్ కేసులో శిక్ష పడిందా అన్నది మేనేజర్ ఒక్కొక్కరినీ విడిగా, మర్యాదగా అడగాలి. జపాన్ ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం అలాంటి శిక్ష ఒక్కటి ఉన్నా దేశంలోకి రానివ్వరు. ఇన్నేళ్ళు గడిస్తే ఫర్వాలేదన్న గడువు కూడా లేదు. 2010లో అమెరికన్ టీవీ తార పారిస్ హిల్టన్ లాస్ వెగాస్‌లో డ్రగ్స్ కేసులో నేరం ఒప్పుకున్న మర్నాడో, ఆ తర్వాతి రోజో ఇక్కడికి వచ్చి, నరిటా నుంచే వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. అంతకుముందు 1980 జనవరి 16న బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్నీ సూట్‌కేసులో రెండు వందల గ్రాములకు పైగా గంజాయి దొరికింది. తొమ్మిది రోజులు లాకప్‌లో ఉంచి దేశం నుంచి పంపేశారు. టికెట్లన్నీ అమ్ముడైన టూరు మొత్తం రద్దయింది. మళ్ళీ ఆయన జపాన్‌లో కచేరీ చేసింది 1990లో. అంతటివాడికే పదేళ్ళు పట్టింది.

విమానంలో నింపే కార్డులో, ఆన్‌లైన్ ఫారంలో కూడా నేరశిక్షల గురించీ, ఇప్పుడు మీ దగ్గర డ్రగ్స్ ఉన్నాయా అన్నదాని గురించీ సూటిగా అడుగుతారు. నిద్రమత్తులో అన్నిటికీ ఒకే గడిలో టిక్కు కొట్టకండి. ఎయిర్‌హోస్టెస్ ఇచ్చిన కార్డులు ఒక్కరే ఇరవై మందికి నింపేయడం మన యూనిట్లలో అలవాటు. అది మానెయ్యాలి. ఎవరి కార్డు వాళ్ళే చదివి, నింపి, సంతకం పెట్టాలి.

నేను యూనిట్ వాట్సాప్ గ్రూపులో ప్రయాణానికి వారం ముందు ఈ మెసేజ్ పెడతాను. కావాలంటే ఇదే కాపీ చేసుకోండి:

"అందరికీ నమస్కారం. మీ బ్యాగు, మీ పాత జాకెట్ జేబులు, షేవింగ్ కిట్టు, పవర్‌బ్యాంక్ పౌచ్, సిగరెట్ పెట్టె ఒకసారి పూర్తిగా దులపండి. గంజాయి, భంగు, గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె, జెల్లీలు, వేప్‌లు, విజయ అని రాసున్న ఆయుర్వేద మందులు ఏవీ తేవద్దు. మీరు వాడే ప్రతి మందు పేరు నాకు ఫోటో తీసి పంపండి. వేరేవాళ్ళ పార్శిల్ ఏదీ, ఎంత దగ్గరివాళ్ళు ఇచ్చినా, విప్పి చూడకుండా తేవద్దు. బ్యాంకాక్‌లో ఆగేవాళ్ళు అక్కడ ఏమీ కొనొద్దు, వాడొద్దు."

మందుల ఫోటో ఎందుకంటే, మన దగ్గర సులభంగా దొరికే కొన్ని దగ్గు మందులకు, ఏకాగ్రత లోపానికి ఇచ్చే కొన్ని మాత్రలకు ఇక్కడ పరిమితులున్నాయి, కొన్నిటికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇది గంజాయి విషయం కాదు గానీ, కస్టమ్స్ బల్ల దగ్గర రెండూ ఒకే వరసలో నిలబడతాయి.

ఆ బల్ల దగ్గర జరిగేది చెప్తాను. మీ పాస్‌పోర్ట్ తీసుకుని, ఆఫీసర్ ప్లాస్టిక్ పూత వేసిన ఒక బొమ్మల అట్ట మీ ముందు పెడతాడు. అందులో తుపాకీ, మాత్రలు, పొడి, ఆకు బొమ్మలుంటాయి. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి "ఉందా?" అని అడుగుతాడు. గొంతు చాలా మెత్తగా ఉంటుంది. మన కుర్రాళ్ళు కొందరు టెన్షన్‌లో నవ్వేస్తారు. నవ్వొద్దు. లేదు అని ఒక్క మాట చెప్పి ఆగండి. జోకు వేస్తే ఆ బ్యాగు సాక్సుల మడతల దాకా తెరుచుకుంటుంది. బెల్టు దగ్గర తిరిగే చిన్న బీగిల్ కుక్క మాంసం, పండ్లు వెతికేది. పెద్ద కుక్కలు డ్రగ్స్‌వి. పొగ వాసన పట్టిన పాత జాకెట్ కూడా వాటి ముక్కుకు చిక్కుతుంది.

బ్యాంకాక్ మాట విడిగా చెప్పాలి. 2022లో థాయ్‌లాండ్ గంజాయిని నిషేధ జాబితా నుంచి తీసేశాక వీధివీధికీ దుకాణాలొచ్చాయి. 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉండాలని మళ్ళీ బిగించారు గానీ, అది తెలియక ఇప్పటికీ అక్కడ ఆగి సరదా తీర్చుకుని వద్దామనుకునేవాళ్ళున్నారు. గంజాయి ఆనవాళ్ళు మూత్రంలో రోజుల తరబడి, తరచుగా వాడేవాళ్ళకైతే వారాల తరబడి ఉంటాయి. వాడకమే నేరమైన దేశంలో అడుగుపెడుతూ ఒంట్లో ఆ ఆనవాళ్ళు పెట్టుకుని రావడం దేనికి?

సీబీడీ ఇక్కడ దుకాణాల్లో అమ్ముతారు కదా అని అడుగుతారు. అమ్ముతారు. అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ అంశ నూనెల్లో పది లక్షల భాగాలకు 10 భాగాలు, పానీయాల్లో 0.1 భాగం, మిగతావాటిలో 1 భాగం దాటకూడదు. విదేశంలో 'టీహెచ్‌సీ లేనిది' అని అమ్మే సీసాలో కూడా ఇంతకు మించి ఉండొచ్చు. 2025 సెప్టెంబర్‌లో పానీయాల కంపెనీ సంతొరీ చైర్మన్ తకేషి నీనామి పదవి వదులుకున్నారు. విదేశం నుంచి తెప్పించిన సప్లిమెంట్ మీద పోలీసులు విచారణ మొదలుపెట్టడమే కారణం. చట్టబద్ధమైనదనే అనుకున్నానని ఆయన చెప్పారు. కంపెనీ కోర్టు తీర్పు కోసం ఆగలేదు. దేశంలో పేరున్న పెద్ద కంపెనీ అధిపతి పరిస్థితే అది. బయటినుంచి తేవద్దు, ఇక్కడా కొనొద్దు అన్నదే నా సలహా.

సినిమారంగం దీన్ని ఎలా చూస్తుంది

మన వాళ్ళకు నిజంగా అర్థం కానిది ఈ భాగం. ఇక్కడ మొదటిసారి దొరికిన నటుడికి కోర్టు వేసే శిక్ష సాధారణంగా జైలుదాకా వెళ్ళదు. యూసుకే ఇసేయా 2020 సెప్టెంబర్‌లో గంజాయితో అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష, మూడేళ్ళు సస్పెండ్. 2023 జూన్‌లో కెంతో నగయామా, ఆరు నెలలు, అదీ మూడేళ్ళు సస్పెండ్. మళ్ళీ తప్పు చేయకపోతే జైలు గడప తొక్కక్కర్లేదు. కాగితం మీద చూస్తే ఇదేనా అనిపిస్తుంది. కానీ కోర్టు తీర్పు రావడానికి నెలలు పడుతుంది. పరిశ్రమ తీర్పు అరెస్టైన సాయంత్రానికే వచ్చేస్తుంది.

2019 మార్చిలో నటుడు, సంగీతకారుడు పియెర్ తాకి కొకైన్ కేసులో దొరికినప్పుడు ఏం జరిగిందో చూడండి. ప్రభుత్వ టీవీ ఎన్‌హెచ్‌కేలో ఏడాది పొడుగునా సాగే చారిత్రక సీరియల్ 'ఇదాతెన్' నుంచి ఆయన సీన్లు తీసేశారు, ఆ పాత్రకు హిరోకి మియాకే వచ్చాడు. సెగా వాళ్ళ గేములో ఆయన ముఖంతో ఉన్న పాత్రను మార్చాల్సి వచ్చింది. డిస్నీ మంచుబొమ్మ ఓలాఫ్‌కు జపాన్ గొంతు మారింది. ఆయన సంగీత ద్వయం డెంకి గ్రూవ్ పాత పాటలన్నీ దుకాణాల నుంచి, స్ట్రీమింగ్ నుంచి మాయమయ్యాయి. ఆ ద్వయంలో రెండోవ్యక్తి తక్యూ ఇషినో ఏ తప్పూ చేయలేదు, అయినా ఆయన పాటలు కూడా పోయాయి. అభిమానులు 60 వేలకు పైగా సంతకాలు సేకరించారు. రియుయిచి సకమొతో లాంటి పెద్ద సంగీతకారుడు సంగీతం ఏ నేరం చేసిందని బహిరంగంగా అడిగారు.

అదే ఏడాది నవంబర్‌లో నటి ఎరికా సవాజిరి ఎండీఎంఏ (మత్తుమాత్రలు) కేసు. 'కిరిన్ గా కురు' సీరియల్‌లో ఆమె భాగం కొన్ని వారాల కథ మేర ముందే షూట్ అయిపోయింది. హారునా కవాగుచిని తీసుకుని మళ్ళీ తీశారు. 2020 జనవరి 5న మొదలవ్వాల్సిన సీరియల్ జనవరి 19కి జరిగింది. ఆ సెట్‌లో పనిచేసినవాళ్ళు, తోటి నటులు అవే సీన్లు మళ్ళీ చేశారు. ఒక్కరు చేసినదానికి అంతమంది పని మళ్ళీ మొదటికొచ్చింది.

గంజాయి, కొకైన్, ఎండీఎంఏ, మెత్ వేర్వేరు అని వాదించేవాళ్ళకు ఒక మాట. వైద్యంగా వేరే. ఇక్కడి టీవీలో, స్పాన్సర్ మీటింగులో మాత్రం అన్నిటికీ ఒకటే పేరు, ఒకటే శిక్ష.

ఎందుకింత అంటే డబ్బు కట్టే పద్ధతిని చూడాలి. జపాన్ సినిమాకు మన దగ్గరలా ఒక నిర్మాత ఉండడు. టీవీ ఛానెల్, పుస్తకాల కంపెనీ, పంపిణీదారు, యాడ్ ఏజెన్సీ కలిసి ఒక కమిటీగా డబ్బు పెడతాయి. అందులో ఒక్క కంపెనీ భయపడినా మిగతావాళ్ళు ఆగిపోతారు. నటుల ఆదాయంలో ప్రకటనలది పెద్ద వాటా, కాబట్టి నటుడి ఏజెన్సీ ముందుగా స్పాన్సర్‌కు మొహం చూపించుకోవాలి. ఏజెన్సీ ఇచ్చే ప్రకటన చదివితే తెలుస్తుంది. మొదట సంబంధిత సంస్థలకు, తర్వాత అభిమానులకు ఇబ్బంది, ఆందోళన కలిగించినందుకు క్షమాపణ. నటుడి ఆరోగ్యం మాట చివర్లో ఉంటే ఉంటుంది. ఇంకోవైపు, డ్రగ్స్ కొన్న డబ్బు ముఠాలకు చేరుతుందన్న భయం. ఇక్కడి ప్రతి కాంట్రాక్ట్‌లో ముఠాలతో మాకు సంబంధం లేదని రాసిచ్చే పేజీ ఒకటి ఉంటుంది. మనవాళ్ళు దాన్ని చదవకుండా సంతకం పెడతారు. అవతలివాళ్ళు మాత్రం ప్రతి అక్షరం చదువుతారు.

క్షమాపణ ఎలా ఉంటుందో ఒక దృశ్యం చాలు. 2019 జూన్ 7న గాయకుడు, నటుడు జున్నోసుకే తగుచి గంజాయి కేసులో బెయిల్ మీద టోక్యో వాంగన్ పోలీస్ స్టేషన్ నుంచి బయటికొచ్చాడు. కెమెరాల ముందు మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. కొందరు అదీ నాటకమే అన్నారు. నాకు మాత్రం ఆ వీడియో చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉంటుంది. పోలీసులకు, కోర్టుకు జవాబు చెప్పాల్సిన మనిషి, ముక్కూమొహం తెలియని జనానికి సాష్టాంగపడాల్సి రావడం నాకు న్యాయంగా అనిపించదు.

ఈ ధోరణి మీద ప్రశ్నలు లేచాయి, కొంత మార్పూ వచ్చింది. తాకి అరెస్టైన నెలలోపే తోయే సంస్థ ఆయన నటించిన సినిమాను ఒక్క సీనూ కోయకుండా 2019 ఏప్రిల్‌లో విడుదల చేసింది. టీవీలా ఇంట్లోకి చొచ్చుకొచ్చేది కాదు, సినిమా టికెట్ కొని చూసేవాళ్ళ ఇష్టం అన్నది వాళ్ళ వాదన. 2023లో నగయామా నటించిన 'టోక్యో రివెంజర్స్' సినిమా కూడా అనుకున్న తేదీకే, అలాగే వచ్చింది. ఇక 'మియామొతో కారా కిమి ఎ' సినిమాది అసలు కథ. అందులో తాకి ఉన్నాడని, ప్రభుత్వ కళల నిధి ఇస్తామన్న కోటి యెన్లు ఇవ్వమంది. ఇస్తే డ్రగ్స్‌ను ప్రభుత్వం సహించినట్టవుతుందన్నారు. నిర్మాత కోర్టుకెళ్ళాడు. జిల్లా కోర్టులో గెలిచి, 2022లో హైకోర్టులో ఓడి, 2023 నవంబర్ 17న సుప్రీంకోర్టులో గెలిచాడు. ప్రజాప్రయోజనం అనే స్పష్టత లేని మాటతో నిధులు ఆపుతూ పోతే కళాకారులు భయపడి ముడుచుకుపోతారని కోర్టు గుర్తించింది. ఆ తీర్పు వచ్చిన రోజు చాలా సంతోషించాను.

తిరిగి రావడమూ అసాధ్యం కాదు. తాకి 2024లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో కనిపించాడు. సవాజిరి అదే ఏడాది స్టేజీ మీదికొచ్చింది. ఇసేయా సినిమా చేశాడు. స్టేజీ, స్ట్రీమింగ్, సినిమా ముందు తెరుచుకుంటాయి. స్పాన్సర్లతో నడిచే టీవీ అన్నిటికంటే చివర.

ఇక్కడ ఉన్నప్పుడు ఎలా మసలుకోవాలి

ఇంటర్వ్యూల్లో ఇండియా అనగానే సాధువుల గురించో, హోలీ పానీయం గురించో అడగొచ్చు. "అది కొన్ని ప్రాంతాల్లో పండగ ఆచారం, నాకు అనుభవం లేదు" అని చెప్పి సినిమా విషయంలోకి వచ్చేయండి. నవ్వుతూ కన్ను గీటితే ఆ ఒక్క ముక్కే శీర్షికవుతుంది. పత్రికలు సాధారణంగా అచ్చుకు ముందు ప్రతిని పంపి చూసుకోమంటాయి. ఆ అవకాశం వదలకండి, దుబాసీతో ప్రతి వాక్యం చదివించుకోండి. ఇక్కడి అభిమానులు మీ పాత ఇన్‌స్టాగ్రామ్ అడుగుదాకా వెళ్ళి చూస్తారు. బ్యాంకాక్ దుకాణం ముందు దిగిన ఫోటోలు, ఆకు బొమ్మ టీషర్టు ఫోటోలు రాకముందే చూసుకోండి. కాస్ట్యూమ్ డిజైనర్‌కూ ఆ మాట చెప్పండి.

మరోవైపు, ప్రతిదానికీ హడలిపోనక్కర్లేదు. ఉడాన్ మీద చల్లే ఏడు దినుసుల కారప్పొడిలో ఉండే గుండ్రటి గింజ ఈ మొక్కదే, అది చట్టబద్ధం. గుళ్ళలో పూజారి ఊపే కుచ్చులో, యొకొజునా, అంటే అత్యున్నత హోదా ఉన్న సుమో యోధుడి నడుముకు కట్టే మోకులో ఉన్నది కూడా ఈ మొక్క నారే. తొచిగి జిల్లాలో మత్తు లేని రకాన్ని లైసెన్సుతో ఇప్పటికీ పండిస్తారు. పసిపిల్లల బట్టల మీద కనిపించే నక్షత్రంలాంటి డిజైన్ ఈ ఆకుదే, నిటారుగా పెరగాలన్న దీవెన అది. ఈ మొక్కతో జపాన్‌ది చాలా పాత చుట్టరికం, యుద్ధానికి ముందు ఇక్కడి రైతులు దాన్ని మామూలు పంటగానే పండించేవారు. హొక్కాయిడోలో అడవి జాతి ఇంకా దానంతట అదే మొలుస్తుంది, ఏటా వేసవిలో అధికారులు పీకించేస్తారు. అక్కడ పాట తీస్తున్నప్పుడు రోడ్డు పక్కన కనిపిస్తే ముట్టుకోవద్దు, సెల్ఫీకని తుంచొద్దు. డైరెక్టర్‌కు గ్రీనరీ నచ్చినా సరే, అక్కడినుంచి కెమెరా తిప్పేయమనండి.

రాత్రిపూట షిబుయా, రొప్పొంగి వైపు వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోవాలి, చట్టమే అలా చెప్తోంది. పోలీసులు ఆపి బ్యాగు చూపించమంటే గొంతు పెంచొద్దు. లెక్కప్రకారం అది మీ ఇష్టపూర్వకం, కానీ కాదంటే చుట్టూ పదిమంది చేరి గంటల తరబడి నిలబెడతారు. అనుమానం వస్తే మూత్రం అడుగుతారు, ఇవ్వకపోతే కోర్టు వారంటుతో ఆస్పత్రిలో గొట్టం వేసి తీస్తారు. పార్టీలో ఎవరైనా జెల్లీ ఇస్తే పెదాలకు తాకించొద్దు. 2023 నవంబర్‌లో టోక్యో దగ్గర కొగానెయ్‌లో ఒక పండగలో పంచిన జెల్లీలు తిని జనం ఆస్పత్రి పాలయ్యారు. అప్పటికి అందులోని పదార్థం మీద నిషేధం కూడా లేదు, డిసెంబర్‌లో పెట్టారు.

ఎవరైనా దొరికితే

దొరకకూడదు. దొరికితే మాత్రం ఆ మనిషిని వదిలేసి విమానం ఎక్కేయకండి. పోలీసులకు 48 గంటలు, ప్రాసిక్యూటర్‌కు 24 గంటలు, ఆపైన పది రోజులు, మళ్ళీ పది రోజులు, మొత్తం 23 రోజుల దాకా కేసు పెట్టకుండానే లాకప్‌లో ఉంచొచ్చు. ఆ విచారణ గదిలో లాయరు పక్కన కూర్చోడు. మౌనంగా ఉండే హక్కు ఉంది. లాయర్ల సంఘం పంపే డ్యూటీ లాయరు మొదటిసారి ఉచితంగా వచ్చి కలుస్తారు. "డ్యూటీ లాయరు కావాలి, మా రాయబార కార్యాలయానికి చెప్పండి" అని ఆ మనిషి అడగాలి. ఈ రెండు మాటలూ యూనిట్ అందరికీ ముందే నేర్పిస్తాను. మన రాయబార కార్యాలయం కుడాన్‌లో ఉంది. జపాన్ మాటల్లో రాసిన వాంగ్మూలం మీద, చదివి వినిపించాక కూడా అనుమానం ఉంటే సంతకం పెట్టక్కర్లేదు. శిక్ష సస్పెండ్ అయినా విదేశీయుడిని దేశం నుంచి పంపేస్తారు, మళ్ళీ రానివ్వరు. ఇది కుటుంబానికి దాచకుండా చెప్పాలి.

మీడియాకు మేనేజర్ ఒక్కరే, రెండు వాక్యాల్లో రాతపూర్వకంగా చెప్పాలి. వాడి మీద ముందే అనుమానముందనో, వాడితో మాకు సంబంధం లేదనో ఎవరూ అనొద్దు. 2017లో ఇక్కడి వ్యసన చికిత్స నిపుణులు, బాధితుల కుటుంబాలు కలిసి మీడియాకు మార్గదర్శకాలు రాశారు. తెల్లపొడి, సిరంజి బొమ్మలు చూపొద్దని, మనిషిని వెంటాడొద్దని, కోలుకునే దారి ఉందని చెప్పమని అందులో ఉంది. మనమూ అదే పాటిద్దాం. వ్యసనం ఉన్నవాడైతే తిరిగి వచ్చాక హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో చికిత్సలో చేర్పించడం యూనిట్ బాధ్యత. జపాన్‌లో ఉండిపోయిన తెలుగువాళ్ళెవరికైనా ఈ సమస్య ఉంటే దార్క్ అనే కేంద్రాలున్నాయి, 1985 నుంచీ నడుస్తున్నాయి, తాము వ్యసనం నుంచి బయటపడినవాళ్ళే అక్కడ చేయి అందిస్తారు.

లాకప్‌లో ఉన్నవాడిని కలవనివ్వకపోయినా డబ్బు, బట్టలు ఇవ్వనిస్తారు. పది వేల యెన్ల నోటు, లోదుస్తులు, తాడు లేని ప్యాంట్లు, తాడు లేని టీషర్టులు పట్టుకెళ్ళండి. హుడీ తీసుకోరు, బెల్టు తీసుకోరు. మాంసం తిననివాడైతే ఆ మాట లాయరు చేత రాయించి పంపండి.